పప్పు ఏరే మూడు పేజీలు

ఆ ఆదివారం పొద్దున ఇస్తారి పెట్టుకున్న పని ఒక్కటే: బస్టాండు దాకా పోయి పేపరు తేవడం. గోదావరిఖనిలో బొగ్గు తవ్వి రిటైరైన మనిషికి ఆదివారం పేపరుతో ఏం పని అంటారా? పని ఉంది. కూతురు నర్మద ఏడాదంతా కూర్చుని గీసిన బొమ్మల నవల మీద సమీక్ష వస్తుందని కరీంనగర్ పబ్లిషరు ఫోన్ చేసి చెప్పాడు. అది బాగుంటేనే రెండో పుస్తకం వేస్తానని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నర్మదకు అన్నం సహించడం లేదు.

పేపరు విప్పితే పుస్తకం అట్ట, కూతురి పేరు, సమీక్ష రాసిన ప్రేమ్‌సాగర్ ఫోటో. ఇస్తారికి కళ్లు చెమర్చాయి. చదివాడా? చదవలేదు. తిట్టదలచుకున్న వాళ్లకు పేపర్లో ఇంత చోటు ఎవడిస్తాడని ఆయన లెక్క. నేరుగా ఫ్లెక్సీలు కొట్టే అంబదాస్ దుకాణానికి నడిచాడు. పుట్టినరోజు నుంచి పోలీసు ఉద్యోగం దాకా ఏ శుభమైనా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టందే అక్కడ జరిగినట్టు కాదు మరి.

"అంబదాసూ, పేపర్ల ఏమున్నదో అంత ఎక్కియ్యి. ఒక్క ముక్క ఇడువకు. నడుమల నా బిడ్డ ఫోటో, కింద నాది, మీ వదినది."

"సమజైంది దాదా. పైన హార్దిక శుభాకాంక్షలు పెడ్త," అన్నాడు ఆదిలాబాద్ నుంచి వచ్చి స్థిరపడిన అంబదాస్. అతనూ చదవలేదు. ముఖాలు తెల్లగా వచ్చాయా లేదా అన్నంత వరకే అతని సాహిత్య దృష్టి.

ఇంట్లో నర్మద అదే సమీక్షను ఫోన్‌లో చదివి మంచం మీద బోర్లా పడి ఉంది. 'ఈ నవలలో ఏమీ జరగదు. మూడు పేజీల నిండా ఒక గని కార్మికుడి భార్య పప్పు ఏరుతూ కూర్చుంటుంది. ఆమెతో పాటు మనమూ రాళ్లు ఏరుకోవాలి కాబోలు!' అని రాశాడాయన. ఆ భార్య మరెవరో కాదు, నర్మద తల్లి సారక్కే.

"ఏడువకు బిడ్డా. మన కాలనీల గా పేపరు ఎవరు చదువుతరు?" అంది సారక్క.

మధ్యాహ్నానికి కాలనీ అంతా చదివింది. చౌరస్తాలో, పప్పుతో రాళ్లతో సహా, ఇంటి ఎత్తున వేలాడుతుంటే చదవక ఏం చేస్తారు?

నర్మద పరుగెత్తుకొచ్చింది. "బాపూ, దించు! అండ్ల నన్ను తిట్టిండు!"

ఇస్తారి అప్పుడు చదివాడు. ముఖం మాడిపోయింది. "నా బిడ్డను నేనే బజార్ల పెట్టిన్నా?" అంటూ నిచ్చెన కోసం పరుగెత్తాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీ కింద ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఎదురింటి కోమల పైకి చదువుతుంటే పక్క క్వార్టర్ బుచ్చవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని వింటోంది.

"ఏం జరుగదా? షిఫ్టుకు పోయినోడు ఇల్లు చేరేదాక మనం చేసేది గదే కదనే! ఉండనియ్యి తమ్మీ, దించకు. గీ సారెవరో నేను అడుగుత."

సమీక్ష అడుగున, పత్రికల అలవాటు ప్రకారం, రాసినాయన ఫోన్ నంబరు ఉంది. అంబదాస్ దాన్ని ఎర్ర రంగులో, పక్కన ఫోన్ బొమ్మ వేసి మరీ కొట్టాడు. ఫ్లెక్సీ కింద నంబరుందంటే సరుకు అక్కడ దొరుకుతుందని ఎవరికైనా తెలిసిన సంగతే. బుచ్చవ్వ అక్కడికక్కడే ఫోన్ కలిపింది.

"సార్, గా పప్పు ఏరే పుస్తకం నాకొకటి పంపుండ్రి."

"అమ్మా, నేను విమర్శకున్ని. పుస్తకాలు అమ్మను."

"మీరేదన్న గానీ సార్, పుస్తకమైతే పంపుండ్రి!"

బుచ్చవ్వ తర్వాత కోమల, ఆ తర్వాత హుజూరాబాద్‌లో ఉన్న కోమల ఆడబిడ్డ, వాట్సాప్‌లో ఫ్లెక్సీ ఫోటో చూసి దుబాయ్ నుంచి మరిది. ప్రేమ్‌సాగర్ అడిగినవాళ్లందరికీ పబ్లిషరు నంబరు ఇచ్చి చూశాడు. అయినా ఫోన్లు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే పరేషానై, ఆ నంబరేదో చెరిపించడానికి కరీంనగర్‌లో బస్సెక్కాడు.

దిగీ దిగగానే జనం గుర్తుపట్టారు. కోపం ఎంతున్నా ఫ్లెక్సీ మీది మనిషి అతిథే కదా. ఇస్తారి కుర్చీ వేసి, పళ్లు కొరుకుతూనే శాలువా కప్పాడు. ఆడవాళ్లు చుట్టుముట్టారు. నర్మద దగ్గరున్న కాపీలన్నీ అప్పటికే వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ప్రేమ్‌సాగర్ తిట్లు తినడానికి సిద్ధమై కళ్లు మూసుకున్నాడు.

"సార్, మీరు తిట్టింది తక్వే!" అంది బుచ్చవ్వ. "నా ముక్కు గింత పొడుగున్నదా?"

"గా చినిగిన చీర నేనెప్పుడో పాత బట్టలకు గిన్నెలిచ్చేటామెకు ఏసిన. తీసుకొచ్చి పుస్తకంల పెట్టింది!" అంది కోమల.

నర్మద తల వంచుకుంది. ఇన్నేళ్లుగా విమర్శ రాస్తున్న మనిషి, ముక్కు పొడవుతో పుస్తకాన్ని కొలుస్తుంటే ఊరుకోలేకపోయాడు. పుస్తకం లాక్కుని ఆ మూడు పేజీలే తెరిచాడు.

"ముక్కు సంగతి కాదమ్మా. ఈ సారక్క కండ్లు చూడుండ్రి. చేతులు పప్పుల ఉన్నయి, కండ్లు మాత్రం ప్రతి బొమ్మల..." ఆగిపోయాడు. మళ్లీ మొదటి బొమ్మ నుంచి చూశాడు. "వాకిలి దిక్కే ఉన్నయి. షిఫ్టు అయిపోయింది. మనిషి ఇంకా రాలే."

"గా దినం గనిల పైకప్పు కూలింది సార్," అంది సారక్క. "ఈయన వచ్చేదాక, ఏరిన పప్పే మళ్ల ఏరిన."

ఇస్తారి భార్య వైపు తిరిగాడు. "నాకెన్నడు చెప్పలేదేందే?"

"నువ్వు వచ్చినవు గదా. ఇగ చెప్పేదేమున్నది?"

ప్రేమ్‌సాగర్ లేచి నర్మదకు చేతులు జోడించాడు. "ఆగమాగం చదివి రాసిన తల్లీ. మళ్ల రాస్త." పబ్లిషరు అంతదాకా ఆగలేదు. గోదాములో ఒక్క కాపీ మిగల్లేదని, రెండో పుస్తకం వెంటనే మొదలుపెట్టమని అప్పుడే ఫోన్ చేశాడు. "నా బిడ్డ! నా బిడ్డ గీసింది!" అని ఇస్తారి చౌరస్తా అంతా వినేలా అరిచాడు.

రెండో పుస్తకంలో కాలనీ వాళ్లంతా ఉంటారని నర్మద నోరు జారింది. మర్నాటి నుంచి ఆడవాళ్లు పెండ్లి చీరలు కట్టి, పౌడర్లు రాసుకుని, వాకిళ్లలో కదలకుండా కూర్చున్నారు. ఆ వారం కాలనీలో మగవాళ్లే వంట చేసుకున్నారు.