అయిదు దేశాల తొలి ఏకాభిప్రాయం

మన ప్రాంతంలో ప్రజాస్వామ్యం ఏటా పద్నాలుగు శాతం చొప్పున పెరుగుతోందని ప్రజాస్వామ్య వికాస కార్యాలయం సగర్వంగా ప్రకటించింది. ఇరుగుపొరుగున ఉన్న అయిదు దేశాలు కలిసి పెట్టుకున్న కార్యాలయం అది. ఏ దేశానికి ఎన్ని మార్కులో తేల్చేది లెక్కల గుమాస్తా. ఎన్నిక జరిగితే పది మార్కులు, ఓడినవాడు క్షేమంగా ఇల్లు చేరితే ఇంకో ఇరవై. ఇరవై రెండేళ్లలో ఆ ఇరవై వేసే భాగ్యం అతనికి కలగలేదు. అయినా శాతం పెరుగుతూనే ఉంది. పెంచే పని డైరెక్టరుగారిది.

ఆ ఏడాది అయిదు దేశాల ప్రతినిధులూ తనిఖీకి వస్తున్నారని తెలిసి, వాళ్లకు చూపించడానికి ఒక ఎన్నిక ఉంటే బాగుంటుందని డైరెక్టరుగారికి తోచింది. ఆఫీసు క్యాంటీన్‌కు ఒక పెద్దను ఎన్నుకోమని సిబ్బందికి చెప్పారు. తన బావమరిదిని నిలబెట్టి, ఎవరైనా పోటీ చేయవచ్చని నోటీసు కూడా అంటించారు. క్యాంటీన్ వంటావిడ ఆ నోటీసు నిజమే అనుకుని పేరు ఇచ్చేసింది.

గుమాస్తాకు ప్రాణం లేచి వచ్చింది. రహస్య ఓటింగు గురించి పేజీలకు పేజీలు రాశాడే గాని, కళ్లతో చూసింది లేదు. పాత ఫైళ్ల డబ్బాకు తనే ఓటు చీటీ పట్టేంత కన్నం కోశాడు. భార్యను బతిమాలి పడకగది కర్టెన్ తెచ్చి మూలన కట్టాడు. నలభై మూడు ఓట్లు పడ్డాయి. వంటావిడకు నలభై, బావమరిదికి మూడు.

గుమాస్తా ఫలితం కాగితం తీసుకుని వెళ్లేసరికి ప్రతినిధులు డైరెక్టరు గదిలో ఉన్నారు. ఎవరి జెండా ముందుండాలో తేలక పొద్దుటినుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. డైరెక్టరుగారు కాగితం చూసి, లెక్క తప్పిందేమో అన్నారు. మూడుసార్లు లెక్కపెట్టానన్నాడు గుమాస్తా.

"నాలుగోసారి పెట్టలేదుగా?" అన్నారాయన.

సంగతి తెలియగానే ప్రతినిధులు కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు. డబ్బా మార్చమన్నాడు ఒకాయన. డబ్బా ఎందుకు, ఓటర్లను మార్చమన్నాడు రెండో ఆయన. వండేవాళ్లు తినేవాళ్ల కిందికి రారు కనుక పోటీకి పనికిరారని చట్టం తెమ్మన్నాడు మూడో ఆయన. ఎన్నిక రద్దు చేయడానికి భద్రతా కారణాలు చాలునన్నాడు నాలుగో ఆయన. అందరిలోకీ పెద్దాయన మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అవన్నీ పాతబడిపోయాయి. ఆవిడే గెలిచిందని గౌరవంగా ప్రకటించండి. తర్వాత క్యాంటీన్ మూసేయండి."

గదంతా చప్పట్లు మోగాయి. ఆ అయిదు దేశాలూ ఒక్క మాట మీదకు రావడం అదే మొదటిసారి.

కబురు చెప్పే పని గుమాస్తా మీద పడింది. వంటావిడ తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉంది. అతను తల దించుకుని అభినందనలు చెప్పాడు.

"గెలిచాను కదా అన్నయ్యగారూ, మరి పని ఎందుకు పోయింది?"

అతను చేతిలో కాగితాన్ని మడత పెట్టాడు.

"ఓడిపోతే ఉండేదా?"

"ఉండేది చెల్లెమ్మా."

ఆవిడ ఆఫీసు గదుల వైపు చూసింది. "మరి ఇన్నేళ్లుగా మీరంతా లోపల కూర్చుని కొలుస్తున్నది దేన్ని?"

గుమాస్తా చుట్టూ చూశాడు. వరండాలో ఎవరూ లేరు. అయినా గొంతు బాగా తగ్గించాడు.

"ఆ మాట ఇక్కడ అనకమ్మా. ఇది ప్రజాస్వామ్య కార్యాలయం."