అద్దె కారు ఎడమ అద్దం

పనిచేయని వస్తువు కంటే ప్రమాదకరమైనది ఈ భూమ్మీద ఒక్కటే ఉంది: పనిచేయవలసిన వస్తువు. ఈ సత్యాన్ని గోదావరిఖనిలోని అద్దె వాహనాల యోగ్యతా నిర్ధారణ ఉపసంఘం కనిపెట్టి, నిబంధనగా అచ్చు వేయించింది. "వాహనమునకు అమర్చబడిన ప్రతి పరికరము పనిచేయవలెను. అమర్చబడని పరికరముతో ఉపసంఘమునకు నిమిత్తము లేదు."

ఈ లెక్కన రాజం జీపు పాసు, వెనకొచ్చే బండ్లను చూపే ఎడమ అద్దమే దానికి లేదు గనుక. ఉపేందర్ కారు ఫెయిలు, దానికి బటన్ నొక్కితే మడుచుకుని, నొక్కితే తెరుచుకునే కరెంటు అద్దం ఉంది గనుక, అది తెరుచుకోవడం లేదు గనుక. (సుత్తితో ఒక్కటిచ్చి ఊడగొడితే సరిపోయేది. కానీ ఊడగొట్టిన గుర్తు కనబడితే దానికి వేరే నిబంధన ఉంది.)

ఉపేందర్ తండ్రి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. వారసత్వ ఉద్యోగం కోసం చూసి చూసి కొడుక్కి వారాలూ పోయాయి, సత్వమూ పోయింది. చివరికి ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. దాన్ని బొగ్గు కంపెనీలో అద్దెకు పెడితే ఆఫీసర్లను తిప్పే పని దొరుకుతుంది. ఉన్నది ఒక్క ఖాళీ. తనిఖీ శనివారం. కారు తప్పితే ఆ చోటు రాజం జీపుది. సరిగ్గా బుధవారం నాడు, అద్దె కారుకు అద్దమే అడ్డమై, చెవి ముడుచుకున్న కుందేలులా మూసుకుపోయింది.

ఉపేందర్ తన బావ మొగిలిని పిలిచాడు. మొగిలి బాయిలో ఎలక్ట్రీషియన్, మొదటి షిఫ్టు. మొన్నటి బాయి రక్షణ పక్షోత్సవాల్లో జాగ్రత్తపరుడిగా స్టీలు టిఫిన్ డబ్బా గెలుచుకున్నవాడు.

"ముందుగాల ఫ్యూజు తియ్యాలె. చెయ్యి తర్వాత పెట్టాలె" అన్నాడు.

"బావా, గిది కారు బ్యాటరీ. ముట్టుకున్నా చీమ గూడ సావది."

"డబ్బా ఉత్తగనే ఇచ్చిన్రా నాకు?"

ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకొని, జేబుకు గుండీ పెట్టాడు. ఇది బాయిలో ఆచారం. లైను మీద పనికి దిగినవాడు ఫ్యూజు తన జేబులోనే ఉంచుకుంటాడు, ఇంకొకరు పొరపాటున కరెంటు ఇవ్వకుండా. పని అయ్యాక తన చేత్తోనే పెడతాడు. మా ఊళ్లో చాలా ఇళ్లకు మగవాళ్లు డ్యూటీ నుంచి నడిచి రావడానికి కారణం ఆ జేబే. అందుచేత ఆ జేబును ఎవరూ వెక్కిరించరు. నేనూ వెక్కిరించను.

మొగిలి బ్రష్షుతో అద్దం సందులు దులిపాడు. చిటికెడు బొగ్గుపొడి రాలింది. అంతలో బాయిలో పంపు ఆగిందని కంపెనీ జీపు వచ్చింది. మొగిలి వెళ్లిపోయాడు. గుండీ పెట్టిన జేబు కూడా ఆయనతోనే వెళ్లింది.

మర్నాడు పొద్దున ఉపేందర్ పక్క క్వార్టర్ సదయ్యను తీసుకొచ్చాడు. ఈయనా ఎలక్ట్రీషియనే, మధ్యాహ్నం ఎక్కే రెండో షిఫ్టు. పక్షోత్సవాల్లో ఈయనకు గోడగడియారం. సదయ్య ఫ్యూజుల మూత తీసి, ఖాళీ గడి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవలో లైన్ల ఉన్నరు."

"అద్దం అరచెయ్యంత లేదు కాకా. అండ్ల ఎవలుంటరు?"

"జాగ ఎంతుంటే ఏంది. ఫ్యూజు లేదంటే మనిషున్నట్టే. ఎవలు తీసిన్రో వాళ్లే పెట్టాలె."

"షాపుల కొత్తది తెస్త."

సదయ్య అతన్ని జాలిగా చూశాడు. "నా ముంగట అన్నవు, అయిపాయె. బాయి మీద అనకు బిడ్డా."

అంతటితో ఆగలేదు. లోపలున్న ఆ గుర్తుతెలియని మనిషి క్షేమం కోరి బ్యాటరీ వైరు ఊడదీశాడు. దాని బిగింపు నట్టు తన జేబులో వేసుకొని, స్టీరింగుకు ఎర్ర బోర్డు తగిలించాడు: "మనుషులు పని చేయుచున్నారు." తర్వాత డ్యూటీకి వెళ్లాడు. అంటే, అక్కడ పని చేయుచున్నవారు ఇక ఎవరూ లేరు.

మధ్యాహ్నం మొగిలి డ్యూటీ దిగొచ్చాడు. బోర్డు చూసి, జేబు దాకా పోయిన చేతిని దించేశాడు.

"సదన్న బోర్డు వెట్టిండు. ఆయన తీసేదాక నేను ఫ్యూజు వెట్ట."

"నువ్వు ఫ్యూజు వెట్టేదాక ఆయన బోర్డు తియ్యడు గద బావా."

"కరెక్టే జేసిండు. పనిమంతుడు."

ఫోను చేద్దామంటే భూమి లోపలికి ఫోను పోదు. పోనీ పైకొచ్చాక చేద్దామంటే, నోటి మాటతో లైను ఇవ్వకూడదు. ఒకరు దిగితే ఒకరు ఎక్కే షిఫ్టులు. ఒకాయన నిద్ర లేచేసరికి రెండో ఆయన నిద్రలో ఉంటాడు. సూర్యచంద్రులైనా అమావాస్యకు కలుస్తారు గాని షిఫ్టులు కలవవు.

ఉపేందర్ తల్లి కనకవ్వ ఇదంతా గడపలో కూర్చొని విన్నది.

"అల్లుడా, ఇద్దరు మంచోళ్లే. మీ మంచితనంల నా కొడుకు ఫ్యూజు ఎగిరిపోతుంది."

"రూలు గట్లుంది అత్తా."

"ఉండనియ్యి. మీరిద్దరు ఒక్కతాన దొరికే జాగ బాయి గేటు. షిఫ్టు మారేటప్పుడు బండిని ఆడికే తోలుకొస్తం."

బ్యాటరీ వైరు లేని కారును తోలలేరు గనుక తోశారు. పెట్రోలు కంటే పరిచయాలు ఎక్కువ మైలేజీ ఇచ్చే ఊరు మాది. క్వార్టర్లవాళ్లు తోశారు, కల్లు కాంపౌండువాళ్లు తోశారు. గేటు దగ్గర తెలంగాణ కోసం రిలే దీక్షలో కూర్చున్నవారు కూడా లేచి ఒక చెయ్యి వేశారు (దీక్ష తినడం మీదే గాని తోయడం మీద కాదు).

శుక్రవారం మధ్యాహ్నం సైరన్ మోగింది. మొగిలి బయటికి వస్తూ, సదయ్య లోపలికి పోతూ, కారు దగ్గర దొరికారు.

"సదన్నా, బోర్డు తియ్యి."

"తమ్మీ, ఫ్యూజు వెట్టు."

"నువ్వు ముందుగాల."

"గట్లెట్ల?"

ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ చుట్టూ మూగి, ఫ్యూజు పక్షం, బోర్డు పక్షం అని చీలిపోయారు. గేటు మీటింగు పెట్టి తేల్చాలని ఒక నాయకుడు ప్రతిపాదించాడు. ఇంకో యూనియన్ నాయకుడు మీటింగును బహిష్కరించాడు.

కనకవ్వ కొంగు నడుముకు చుట్టింది. "మూడు అంటా. ఇద్దరు ఒక్కపారే కానియ్యిన్రి. అయ్యేదాక ఎక్కుడు లేదు, దిగుడు లేదు."

మూడు అన్నది. ఒక చెయ్యి ఫ్యూజు పెట్టింది, ఒక చెయ్యి బోర్డు తీసింది. సదయ్య నట్టు బిగించాక ఉపేందర్ బటన్ నొక్కాడు. అద్దం, ఏదో సభను ప్రారంభిస్తున్నట్టు, నిదానంగా తెరుచుకుంది.

"ఏం ఖరాబైండె బావా?"

"దుమ్ము. బుధవారమే తీసేసిన."

"మరి జెప్పవైతివేంది?"

"ఫ్యూజు లేక టెస్టు గాలె. టెస్టు గాకుంట పనైందని ఎట్ల జెప్త?"

సదయ్య తల ఊపాడు. "కరెక్టే" అని డ్యూటీకి పోయాడు.

శనివారం ఉపసంఘం అధ్యక్షులు బాబూరావు గారు బటన్ నొక్కి తెరిచారు, నొక్కి మూశారు, చిన్నప్పుడు దొరకని బొమ్మ దొరికినట్టు మళ్లీ తెరిచారు. జీపు కంటే కొత్తదని కారుకే ఎక్కువ మార్కులన్నారు. పాసు. రాజం జీపు లేని అద్దంతో వెనక్కి చూడకుండానే ఇంటికి పోయింది. ఆ సాయంత్రం కనకవ్వ అల్లుడికి కోడి కోసింది. మొగిలి చేతులు కడుక్కునే ముందు అలవాటుగా జేబు తడిమి చూసుకున్నాడు.

సోమవారం మొదటి డ్యూటీ. వెనక సీట్లో బాబూరావు గారే. కారు మార్కెట్ సందులోకి తిరిగింది.

"ఏవయ్యా, ఆ ఎడమద్దం మూసెయ్. ఏ ఆటోవాడో గుద్దితే పాడైపోద్ది. వచ్చే తనిఖీకి పనిచెయ్యాలి కదా."

ఉపేందర్ బటన్ నొక్కాడు. ఎడమవైపు ఏం వస్తోందో ఇప్పుడు బాబూరావు గారే కిటికీలోంచి తల బయటపెట్టి చెబుతుంటారు. అద్దం మాత్రం మూసి ఉంది, పూర్తిగా పనిచేసే స్థితిలో.