మా ఆవిడ తెల్ల పాయ, నా మంకీ క్యాప్

ముందు నా నెత్తి వంక చూడటం ఆపండి, చెబుతాను. లోపల మా ఆవిడ గింజలు వేయిస్తోంది. ఆ చప్పుడు ఆగేలోపు చెప్పేయాలి.

నన్ను అరకులో టోపీ రవిబాబు అంటారని మీకు తెలుసు. ఎండాకాలంలో కూడా మంకీ క్యాప్ తీసేవాణ్ణి కాదు. ఎందుకయ్యా అంటే చలి అనేవాణ్ణి. పార్వతీపురం నుంచి వచ్చి ఇన్నేళ్లయినా చలి అలవాటు కాలేదా అని ఎవరైనా అడిగితే దగ్గేవాణ్ణి.

మా రాజకుమారికి ఇరవై తొమ్మిదేళ్లు. ఈ కాఫీ కొట్టు మీద పేరు నాది, లోపల పని ఆవిడది. గింజలు ఏరేది ఆవిడ, వేయించేది ఆవిడ, కాఫీ కాచేది ఆవిడ. నేను గ్లాసులు అందిస్తాను, అప్పుడప్పుడు పగలగొడతాను.

పోయిన నెల ఎవరో టూరిస్టు, ఆవిడ కాఫీ తిరగబోస్తుంటే వీడియో తీసి ఫోన్లలోకి ఎక్కించాడు. లోకమంతా చూసింది. చూసి ఊరుకోవచ్చు కదా. ఆంటీకి కళ్ల కింద నలుపని ఒకడు, నుదుటి దగ్గర అప్పుడే జుట్టు నెరిసిందని ఒకడు, వీడియోలోనే ఇలా ఉంటే ఎదురుగా ఎలా ఉంటుందోనని ఇంకొకడు. ఆ చివరివాడు తన ఫొటో బదులు సినిమా హీరో ఫొటో పెట్టుకున్నాడు. కాఫీ ఎలా ఉందని మాత్రం ఒక్కడూ అడగలేదు.

నిజమే, రాజీ నుదుటి మీద ఒక తెల్ల పాయ ఉంది. పెళ్లినాటికే ఉంది. అది నాకు కనబడటం మానేసి చాలా కాలమైంది. ఆ కామెంట్లు చదివాక మళ్లీ కనబడటం మొదలైంది.

ఒళ్లు మండి, ‘కాఫీపువ్వు’ అని ఆడపేరుతో దొంగ అకౌంటు తెరిచాను. గులాబీ బొమ్మ పెట్టి, ‘ఆవిడ వయసు ఇరవై తొమ్మిదే. మనసు చాలా మంచిది. దయచేసి ఎవరూ ఏమీ అనకండి’ అని రాశాను. ఇరవై తొమ్మిదికే ఇలా ఉందా అంటూ, అప్పటిదాకా ఊరుకున్నవాళ్లు కూడా వచ్చి పడ్డారు.

అంతలో విశాఖ నుంచి ధర్మతేజ అని ఒక ఛానెలాయన ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున్న వచ్చి లైవ్ పెడతాడట. కాఫీ గురించి పూత నుంచి గ్లాసు దాకా రాజీయే చెప్పాలట. ఆ రోజు నుంచి ఆవిడ మూకుడు ముందు నిలబడి గింజలకి ఉపన్యాసం ఇవ్వడం మొదలుపెట్టింది. పెళ్లయ్యాక దేనికీ ఆవిడ అంత ముచ్చటపడగా నేను చూడలేదు. నాకేమో ఒకటే భయం. ఆ కామెంట్లవాళ్లు మళ్లీ ఎగబడితే, మనసు విరిగి ఆవిడ ఇంక కొట్టు ముందుకే రాకపోతే?

అందుకని, ఇక్కడ కొంటే ఆవిడకి తెలిసిపోతుందని పార్వతీపురం వెళ్లి జుట్టుకి వేసే నల్లరంగు తెచ్చాను. ఆదివారం తెల్లవారగానే గిన్నెలో కలిపి, మూలికల ముద్ద, గాసి ఇచ్చాడని చెప్పాను. గాసి మా పక్క కొట్టులో బొంగు చికెన్ కాలుస్తాడు. అతనికి చికెన్ తప్ప ఏ మూలికా తెలియదు.

రాజీ గిన్నె వాసన చూసింది.

“ఏటిది?”

“తలకి సలవ. బేగి రాసుకో.”

“ఈ సలిలో సలవేటి?”

నేను గిన్నెలో ముద్దని మళ్లీ కలపడం మొదలుపెట్టాను. ఆవిడ గిన్నె లాక్కుంది.

“కొత్త మందు కదా. ముందు నువ్వు రాసుకో. నీకేటీ అవ్వకపోతే నాను రాసుకుంటాను.”

కాదంటే దొరికిపోతాను. మీసానికి రాసింది. కనుబొమలకి రాసింది. మిగిలింది పారేయడం ఎందుకని నా క్యాప్ లాగేసి, నున్నటి నెత్తంతా పూసింది. చలికి ఆరదు, పాల బాయిలర్ పక్కన నిలబడమంది. నిలబడ్డాను. ఆవిరికి అది ఆరడం మాట అటుంచి, కారడం మొదలుపెట్టింది.

అప్పుడే ధర్మతేజ కెమెరాతో దిగాడు. అనుకున్న టైము కన్నా ముందే వస్తానని కిందటి రోజే ఆవిడకి ఫోన్ చేశాడని నాకు తరవాత తెలిసింది.

రాజీ తెల్ల పాయని దాచుకోకుండా దువ్వుకుని మంచులో నిలబడి మాట్లాడింది. చెట్టుకి నీడ ఎందుకు కావాలో, పండు ఎర్రబడేదాకా ఎందుకు ఆగాలో, మూకుట్లో గింజ చిటపటమన్నాక ఎప్పుడు దించాలో అన్నీ చెప్పింది. నేను బాయిలర్ వెనక నోరు తెరుచుకుని విన్నాను. గర్వంతో కళ్లు తుడుచుకున్నాను. దాంతో కనుబొమల రంగు బుగ్గలకి వచ్చింది.

“ఇప్పుడు మా ఆయన కాఫీ ఇత్తారు” అంది రాజీ. కెమెరా నా మీదికి తిరిగింది.

పక్క కొట్టు నుంచి గాసి తొంగిచూశాడు. “ఏటి రవిబాబూ, తలకాయ బొంగులో ఎట్టి కాల్సినావా?” అన్నాడు నిదానంగా.

ఇక చూసుకోండి కామెంట్లు. ఆ తాతగారెవరని ఒకరు, ఆవిడ నాన్నగారేమోనని ఒకరు, పెద్దాయన పొయ్యిలో పడ్డాడా పాపం అని ఒకరు. తెల్ల పాయ సంగతి ఎవడో ఎత్తాడు గానీ వాడి గోల ఎవరూ వినలేదు. కాఫీపొడి పార్శిల్ పంపుతారా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

అంతా వెళ్లాక రాజీ తడి తువ్వాలు తెచ్చింది.

“కామెంట్లు నాను సదవలేదనుకున్నావా? అన్నీ సదివినాను. ఆళ్ళు ఎవులో ఏటో, ఆళ్ళ మాట నాకెందుకు? నువ్వు కూడా నా నెత్తి వంక సూడ్డం మొదలెట్టినావు సూడు, దానికి బాదేసింది.”

సిగ్గుతో చచ్చిపోయాను.

“నీ టోపీ ఎందుకు తియ్యవని నానెప్పుడైనా అడిగినానా?” అంది. అని, నా మీసం తనే తుడిచింది.

మధ్యాహ్నం ధైర్యం చేసి ఫోన్ తెరిచాను. నన్ను తాత అన్న ప్రతివాడి కిందా ‘కాఫీపువ్వు’ జవాబు ఉంది. అకౌంటు నాదే, గులాబీ నాదే, రాసింది మాత్రం నేను కాదు, నేను నెత్తి కడుక్కున్నంతసేపూ ఫోన్ ఆవిడ దగ్గరే ఉంది.

‘ఆయన వయసు ముప్పై ఆరే. మనసు చాలా మంచిది. దయచేసి ఎవరూ ఏమీ అనకండి.’

ఆ రోజే క్యాప్ తీసి పెట్టెలో పెట్టేశాను. నెత్తి మీద రంగు పూర్తిగా పోవడానికి ఇంకా టైము పడుతుందట. అదిగో, చప్పుడు ఆగింది, కాఫీ తెస్తున్నట్టుంది. ఎవరూ నవ్వకండి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఇక్కడ చలి నిజంగానే ఎక్కువ.