ఇంజనుకు ప్రాచీన హోదా దక్కిన వైనం

రేవు కార్యాలయం వెనకాల, విరిగిన కుర్చీలకూ తుప్పుపట్టిన లంగర్లకూ మధ్య గుర్తుతెలియని ఇనుప వస్తువొకటి బయటపడినదనీ, అదేమిటో తేల్చడానికి ఏడుగురు నిపుణులతో సంఘం వేయడమైనదనీ ఇందుమూలముగా ప్రజలందరికీ తెలియజేశారు. ప్రజలు సంతోషించారు. సంతోషించనివాడు ఒక్కడే, రేవు వర్క్‌షాపు మేస్త్రీ. ఎందుకంటే ఆ వస్తువును రెండేళ్ళ కిందట లాంచీలోంచి విప్పి అక్కడ పెట్టింది ఆయనే.

ఆ లాంచీ సంగతి కాస్త చెప్పుకోవాలి. అది జనాన్ని ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పది నిమిషాల్లో దాటించేది. ఇంజను పాతబడింది, కొత్తది తెప్పిస్తున్నామని పెద్దలు పాతదాన్ని విప్పించారు. కొత్తది వచ్చింది కూడా. దివ్యంగా ఉంది. కాకపోతే లాంచీలోని ఇంజను గది కంటే రెండడుగులు పొడవు. ఇందులో ఇంజను తప్పేమీ లేదు కనుక లాంచీనే మార్చాలని తీర్మానించారు. కొత్త లాంచీకి లోతైన రేవు కావాలి. లోతైన రేవుకు సర్వే కావాలి. సర్వే చేసేవాళ్ళు అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే లాంచీ కావాలి. పనులు అంతవరకు చకచకా సాగి, అక్కడ ఆగాయి.

అప్పటినుంచి అవతలి ఒడ్డువాళ్ళు బస్సెక్కి, ఎక్కడో ఉన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి, ఒక పూట ప్రయాణం చేసి ఇటు వస్తున్నారు. మేస్త్రీ అక్క ఉండేది ఆ ఒడ్డునే. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి బస్సు మెట్లు ఎక్కలేకపోతోంది. ఆయనకా, సెలవు దొరకదు. వర్క్‌షాపు గుమ్మంలో నిలబడితే ఆవిడ పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. బట్టలు కనిపించిన రోజు అక్క లేచి తిరుగుతోందని, కనిపించని రోజు మంచం దిగలేదని ఆయన అనుకుంటాడు. ఆ పాత ఇంజన్ను బాగుచేసి, రేవులో ఊరికే కట్టేసి ఉన్న పాత లాంచీలో బిగిస్తే చాలు, పది నిమిషాల్లో అక్క గుమ్మం ముందుంటాడు. మనిషికి ఇంతకంటే పెద్ద కోరిక లేదు. అయితే మన దేశమేలే పెద్దలకు ఇంత చిన్న కోరికలు ఆనవు కదా.

నిపుణుల సంఘం వచ్చింది. ఒకాయన వస్తువు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇది పూర్వకాలపు నీళ్ళ పంపు అన్నాడు. ఇంకొకాయన పెదవి విరిచి, దీని పెద్ద చక్రాన్ని బట్టి ఇది అచ్చుయంత్రమన్నాడు. చరిత్రకారుడైతే ఒక ఇనుప కడ్డీని తట్టి చూసి, ఇది నిస్సందేహంగా ఆయుధమని తేల్చేశాడు. మేస్త్రీ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అయ్యా, ఇది మన లాంచీ ఇంజనండీ. నెత్తిమీద ఈ ఇనుప బుర్ర ఉంది చూశారా, దీన్ని మంటతో ఎర్రగా కాల్చి చక్రం ఊపితే అంటుకుంటుంది. ఈ పగులుకి అతుకేసింది నేనే. ఆ ఇత్తడి రేకు మీద నంబరు కూడా ఉంది, చూడండి."

సంఘం అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "మేస్త్రీ, నీ అనుభవాన్ని మేం గౌరవిస్తాం. కానీ నువ్వు సంఘంలో సభ్యుడివి కాదుగా!"

అయినా పెద్దమనసుతో రేకును పరిశీలిద్దామన్నారు. పరిశీలించే ముందు ఫోటో తీయాలి. ఫోటోలో మెరవాలి. మెరవాలంటే తోమాలి. "అయ్యా, ఆ అక్షరాలు ఇప్పటికే పలచబడ్డాయండీ, గట్టిగా రుద్దితే పోతాయి" అని మేస్త్రీ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఇద్దరు మనుషులు మూడు రోజులు ఇసక కాగితంతో రుద్దారు. రేకు అద్దంలా తయారైంది. అందులో అధ్యక్షుడి ముఖం తప్ప మరేమీ కనిపించలేదు. అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉండడాన్ని బట్టి ఈ వస్తువు ఇంజనేననీ, అయితే కనీసం రెండు వందల ఏళ్ళనాటిదనీ సంఘం ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఇంజను కనిపెట్టడానికి ముందే ఇంజను తయారుచేసుకున్న మన పూర్వుల తెలివిని పత్రికలు వేనోళ్ళ పొగిడాయి.

తర్వాత ఆ వస్తువును పునరుద్ధరించవలసిందిగా మేస్త్రీకి ఉత్తర్వు వచ్చింది. పునరుద్ధరణ అంటే రంగు వేయడమని అందరికీ తెలుసు. పాపం, మేస్త్రీకి తెలియదు. ఆయన బాగుచేశాడు. పట్టేసిన పిస్టన్ మీద కిరోసిన్ పోసి వారం రోజులు నానబెట్టాడు. చెక్కముక్క అడ్డం పెట్టి, చంటిపిల్లను జోకొట్టినట్టు తట్టి తట్టి వదులు చేశాడు. రింగులు తానే చేసుకున్నాడు. పూడుకుపోయిన నూనె దారులన్నీ సన్నటి తీగతో తెరిచాడు. ఒక ఉదయం బుర్రను ఎర్రగా కాల్చి, చక్రాన్ని అటూ ఇటూ ఊపి ఒక్క తోపు తోశాడు. దుబుక్కుమంది. ఆగింది. ఇంకోసారి తోశాడు. దుబుక్, దుబుక్, దుబుక్... వర్క్‌షాపు రేకులు అదిరాయి. మేస్త్రీకి కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. ఆ చప్పుడు అవతలి ఒడ్డుదాకా వినిపిస్తుందని ఆయనకు తెలుసు. అక్కకు వినిపించాలనే ఆయన పొగగొట్టానికి చప్పుడు తగ్గించే మూత పెట్టలేదు.

అవతలి ఒడ్డుకు ఏమోగానీ, అధ్యక్షుడికి వినిపించింది. ఆయన చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఆపవయ్యా ముందు! ఎంత పని చేశావు! నడిచేదాన్ని ప్రాచీన వస్తువని ఎవడొప్పుకుంటాడు?"

"నడిస్తే మంచిదేగా సార్! లాంచీలో బిగిస్తే ఎల్లుండికల్లా జనాన్ని దాటించొచ్చు. మా అక్క కూడా..."

"రెండు వందల ఏళ్ళ సంపదని నీళ్ళల్లోకి దింపుతావా? నీకసలు చరిత్రంటే గౌరవం ఉందా?"

 మేస్త్రీకి తెలిసిన చరిత్ర ఆ ఇంజను నలభై ఏళ్ళ పాటు జనాన్ని దాటించడమే.

విషయం గంభీరమైనది. నడిచే యంత్రమైతే రవాణా శాఖకు పోతుంది. దానికి లైసెన్సు, తనిఖీ, పొగ పరీక్ష అన్నీ కావాలి. నడవనిదైతే సంస్కృతి శాఖది. దానికి ఒక భవనం, ఒక డైరెక్టరు, అధ్యక్షుడికి ఒక గది. దేశానికి ఏది మేలో మీరే చెప్పండి. కనుక సదరు వస్తువును వారం రోజుల్లోగా దాని సహజమైన పనిచేయని స్థితికి పునరుద్ధరించాలని ఉత్తర్వు వెలువడింది. మేస్త్రీ చేయనంటే సిలిండరు నిండా సిమెంటు పోయించడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారని కింద ఒక వాక్యం కూడా ఉంది.

సిమెంటు మాట చదివిన మేస్త్రీ, ఇంజన్ను మరొకరి చేతిలో పెట్టడం ఇష్టంలేక తానే విప్పాడు. పిస్టన్నూ చక్రాన్నీ కలిపే కడ్డీ ఊడదీసి, తుడిచి, గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి అప్పజెప్పాడు. దాన్ని అద్దాల పెట్టెలో విడిగా పెట్టి, 'ప్రాచీన ఆయుధం' అని చీటీ అంటించారు. చరిత్రకారుడి గౌరవం నిలబడింది. ఇంజనుకు ఆకుపచ్చ రంగు, అంచులకు బంగారు రంగు, నూనె దారుల్లోపలికి కూడా ఉదారంగా పూశారు.

ప్రదర్శనశాల ప్రారంభోత్సవానికి అవతలి ఒడ్డువాళ్ళ కోసం ప్రత్యేక బస్సులు వేశారు. లాంచీ వేయలేని ప్రభుత్వం బస్సులైనా వేసిందని వాళ్ళు మురిసిపోయారు. అందులో ఒక బస్సులో, ఇద్దరు పట్టుకుని ఎక్కించగా, అక్క కూడా వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆవిణ్ణి చూసి మేస్త్రీ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చిక్కి సగమైంది.

"మన రేవు నిశ్చలంగా ఉందనేవాళ్ళకు ఈ ఇంజనే సమాధానం!" అని అధ్యక్షుడు ప్రసంగించాడు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది అక్కే.

"ఒరే తమ్ముడూ, ఇదా మన లాంచీలో ఉండేది? ఎంత నల్లగా, జిడ్డోడుతూ ఉండేదిరా! ఇప్పుడు చూడు, ఎంత ముస్తాబుగా ఉందో!"

"అక్కా, దీన్ని నడిపించానే. మొన్న చప్పుడు వినపడలేదా నీకు? లాంచీలో పెట్టి నీ దగ్గరికొద్దామనుకున్నా. వీళ్ళే సాగనివ్వలేదు."

"ఊరుకోరా పిచ్చోడా! ఇంత అందంగా చేశాక తీసుకెళ్ళి నీళ్ళల్లో వేస్తారా ఎవరైనా?"

తిరిగి బస్సెక్కే ముందు అవతలి ఒడ్డు ప్రజలు ఆవేశంగా ఒక వినతిపత్రం రాశారు. లాంచీ కోసం కాదు. అభివృద్ధంతా ఇవతలి ఒడ్డుకేనా, మాకూ ఒక ప్రదర్శనశాల కావాలని. అందులో పెట్టడానికి, రేవులో ఊరికే పడి ఉన్న పాత లాంచీని మా ఒడ్డుకు లాగించి, గట్టుమీద సిమెంటు దిమ్మె కట్టి నిలబెట్టాలని. మొదటి సంతకం అక్కది. "నువ్వూ పెట్టరా, నీ మాటకి విలువుంటుంది" అని ఆవిడ పెన్ను అందిస్తే, మేస్త్రీ ఆ కాగితం వంకా అక్క వంకా చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బస్సు హారన్ కొట్టింది. పెట్టాడు.

ఆ కాగితం ఇంకా సంతకాల కోసం తిరుగుతోంది. మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు మాత్రం అంతసేపు నిలబడరని మాకు తెలుసు.