జారని గట్టు

"ఈ ప్రభుత్వంలో జారిపడే పౌరుడంటూ ఉండడు" అని మంత్రిగారు ప్రకటించారు. మర్నాడు పేపర్లన్నీ ఆ మాటని పెద్ద అక్షరాల్లో వేశాయి. ఆ మాట పుట్టింది మా స్విమ్మింగ్ పూల్ గట్టు మీద కనుక, జరిగింది జరిగినట్టు చెప్పాల్సినవాణ్ణి నేనే.

ఆ రోజు మంత్రిగారు తనిఖీకి వచ్చారు. గట్టు మీద బూట్లు వేసుకోవద్దని బోర్డు ఉంది. బోర్డులు ప్రజల కోసం. రెండో అడుగులో ఆయన కాళ్ళు ముందుకి వెళ్ళాయి, మిగతా శరీరం వెనక్కి వెళ్ళింది. పి.ఏ. పట్టుకున్నాడు. మంత్రిగారు నిలబడ్డారు, పి.ఏ. పడ్డాడు. "స్వయంగా వంగి నేల నాణ్యతను పరిశీలిస్తున్న మంత్రి" అని ఫొటో కింద రాశారు. వంగిన మాట నిజమే.

నేను ఆ గట్టు కడిగే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా కడుగుతున్నాను, అంతకుముందు సిమెంటు పని చేశాను. అది మామూలు కాంక్రీటు గట్టు, పచ్చిగా ఉన్నప్పుడే కాలు జారకుండా చీపురుతో గీతలు లాగి వదిలేసింది. వట్టికాళ్ళతో నడిచి పడ్డవాణ్ణి నేను చూడలేదు. ఈ సంగతి ఎవరూ అడగలేదు. అడగందే చెప్పే అలవాటు నాకు లేదు.

గట్టుకి గరుకు కోటింగ్ వెయ్యాలని ఆర్డరొచ్చింది. పూల్ మూసేశారు.

అప్పటికి మా పూల్ కోచ్, అదే కోచమ్మ, ఆవిడ దగ్గర పన్నెండుమంది పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. అందరూ మా కాలవ ఒడ్డువాళ్ళే. బడి కాలవ అవతల ఉంది. కాలవకి అడ్డంగా వేసిన ఒక ఇనప గడ్డరు మీద నడిచి వెళ్ళాలి. ఎండల్లో కాలవ ఎండి ఉంటుంది, ఫరవాలేదు. వచ్చే నెల ఒకటో తారీఖున నీళ్ళు వదులుతారు. పోయినేడు ఇద్దరు పడ్డారు. చేపలు పట్టేవాడు అక్కడ ఉండబట్టి దొరికారు. అందులో ఒకతి మా మనవరాలు. మేము బుడ్డి అంటాం. ఆ తర్వాతే కోచమ్మ ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసింది. పూల్ మూసేనాటికి బుడ్డి పది బారలు ఈదుతుంది. పదకొండో బారకి కిందికి పోతుంది.

"ఎన్ని రోజులు సార్?" అని కోచమ్మ ఇంజనీరుగారిని అడిగింది.

"వారం. వారమంటే వారమే."

"నాకు ఇరవై ఆరు రోజులే ఉన్నాయి సార్. కాలవకి నీళ్ళొచ్చేలోగా వీళ్ళకి ఈత రావాలి."

"అమ్మా, జారకుండా నడవడం వచ్చాక కదా ఈత!"

ఇంత లోతైన మాట అన్నాక ఎవరైనా ఏం మాట్లాడతారు?

ఇంజనీరుగారు నా వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, నువ్వు సిమెంటు పనివాడివట కదా, గట్టు ఎలా ఉంది?" అన్నారు. అడిగారు కనుక చెప్పాను.

"లోపల చెమ్మ ఉంది బాబూ. పూల్ గోడ ఊరుతుంది. పైన ఏది పూసినా లేచిపోతుంది. ఒక ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసెయ్యండి. మర్నాడు తీసి చూడండి. అడుగున నీటి బొట్లుంటే పని ఆపాలి."

ఆయన ఆశ్చర్యపోయారు. "మా రూల్ బుక్కులోనూ అక్షరాలా అదే ఉంది!" అని నా వీపు తట్టారు. పరీక్ష చేయించారు కూడా. గట్టు మీద ఎండగా ఉందని, మేడ మీద తన గదిలో ఫ్యాను కింద షీటు పరిపించారు. మర్నాడు తీసి చూస్తే ఒక్క బొట్టు లేదు.

"అది మీ గది కదా బాబూ" అన్నాను.

"ఒకటే బిల్డింగు, ఒకటే కాంట్రాక్టరు, ఒకటే సిమెంటు. పైది పొడిగా ఉంటే కిందది ఎందుకు తడుస్తుంది?"

చెమ్మ లేదని రిపోర్టు వెళ్ళింది. అది అబద్ధమని ఎవరూ అనలేరు. ఆయన గదిలో నిజంగానే చెమ్మ లేదు.

నీలం రంగు కోటింగ్ వేశారు. ఇసుక కలిపి దట్టంగా వేశారు. ఆరాక చెయ్యి పెట్టి చూశాను. ఆకురాయిలా ఉంది. వారం రోజుల మాట మీద నిలబడి, పదో రోజుకి పూల్ తెరిచారు. పిల్లలు నీళ్ళలో దిగారు, బయటికొచ్చి గట్టు మీద కూర్చున్నారు, లేచారు. లేచినప్పుడు నిక్కర్ల వెనక భాగం గట్టు మీదే ఉండిపోయింది. ఇద్దరికి మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

"జారారా?" అని ఇంజనీరుగారు అడిగారు.

"లేదు సార్" అంది కోచమ్మ.

"మరి?" అన్నారు ఆయన.

మంత్రిగారు చూడ్డానికి వచ్చారు. ప్రజలతో మమేకం అన్నట్టు ఉంటుందని, ఫొటో కోసం వట్టికాళ్ళతో నడుస్తానన్నారు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. నీలం కోటింగ్ పెనంలా కాలుతోంది. ఆయన పట్టుమని పది అంగల్లో గట్టంతా చుట్టి నీడలోకి వచ్చేశారు. వెనకాల పార్టీవాళ్ళూ అంతే. కాలుగాలిన పిల్లి అని మనలో ఒక మాట ఉంది. ఆ మాట నేను అనలేదు. "యువకులకు దీటుగా పరుగెత్తిన మంత్రి" అని పేపర్లో వచ్చింది.

కారెక్కుతూ మంత్రిగారు, "కొంచెం మెత్తగా ఉంటే బావుండేది" అన్నారట. సాయంత్రానికల్లా పూల్ మళ్ళీ మూసేశారు. గరుకు మీద నున్నటి పాలిష్ కోటింగ్ ఒకటి వేశారు. అద్దంలా మెరిసింది. అందులో ముఖం చూసుకుని ఇంజనీరుగారు మీసం సర్దుకున్నారు, ఒక అడుగు వేశారు, పడ్డారు.

నేను పరుగెత్తాను. "దెబ్బ తగిలిందా బాబూ?"

"పడలేదు పెద్దాయనా. కూర్చున్నాను."

చాలాసేపు కూర్చున్నారు.

నాలుగు రోజులకి గట్టు బొబ్బలెక్కింది. ఒక్కోటి అరచేయంత ఉంది. కాలితో నొక్కితే పుటుక్కున పగిలి నీళ్ళు చిమ్ముతున్నాయి. కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు కుర్చీలు వేయించుకుని ఒక పూటంతా బొబ్బల్ని పరిశీలించి, అసలు కారణం కనిపెట్టారు. గట్టు పక్కన నీళ్ళుండటం వల్లే ఈ అనర్థమట. వెంటనే పూల్ ఖాళీ చేయించారు. గేటుకి బోర్డు కట్టారు: "తడి కాళ్ళతో గట్టు ఎక్కరాదు."

కోచమ్మ ఆ బోర్డు రెండుసార్లు చదివింది. "పూల్లోంచి వచ్చేవాళ్ళకి పొడి కాళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి సార్?"

"తువ్వాలు ఉంటుంది కదమ్మా, తుడుచుకోవాలి."

"తువ్వాలు గట్టు మీదుంటుంది సార్."

"అది మీ క్రమశిక్షణకి సంబంధించిన విషయం."

"ఆరు రోజులే ఉన్నాయి సార్. నీళ్ళు ఎప్పుడు నింపుతారు?"

"నింపుతాంలెండి. ముందు ప్రారంభోత్సవం అవనివ్వండి."

బొబ్బల్ని బ్లేడుతో కోసి, చదును చేసి, మీద మళ్ళీ నీలం పూశారు. నెలాఖరున రిబ్బను కట్టారు. పి.ఏ. పొద్దున్నే వచ్చి, పిల్లల ఈత పోటీ లేకపోతే సభ నిండుగా ఉండదన్నాడు. నీళ్ళు వదిలితే మంత్రిగారి ఎదుటే బొబ్బలొస్తాయని ఇంజనీరుగారన్నారు. ఇద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. బయటికొచ్చేసరికి ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

పన్నెండుమందినీ ఖాళీ పూల్లోకి దింపారు. విజిల్ ఊదగానే చేతులు తిప్పుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగెత్తాలి. బుడ్డి నిచ్చెన దిగుతూ నన్ను చూసింది.

"తాతా, మునిగిపోను కదా?"

"మునగవులే, పో."

బాగా పరుగెత్తింది. అందరూ బాగా పరుగెత్తారు. గడియారం పట్టుకున్న మనిషి, ఇంత వేగంగా మన పూల్లో ఇంతవరకూ ఎవరూ ఈదలేదని మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఇచ్చారు. "ఈత పూర్తిగా వచ్చును" అని బంగారు అక్షరాలు, కింద సంతకం, ముద్ర. బుడ్డి వంతు వచ్చినప్పుడు చెంప నిమిరి, "ఈత వచ్చా పాపా?" అన్నారు.

"నీళ్ళు లేకపోతే వచ్చు."

మంత్రిగారు పకపకా నవ్వారు. "చూశారా, ఆత్మవిశ్వాసం!" అని మైకులో అన్నారు.

కోచమ్మ స్టేజీ మెట్ల దగ్గరికి వెళ్ళి పి.ఏ.తో, "సార్, వీళ్ళలో ఒక్కరికీ ఇంకా సరిగ్గా ఈత రాదు సార్. ఆ కాగితాలు ఇవ్వకండి" అంది.

"మీరు సర్టిఫికెట్ చదివినట్టు లేరమ్మా" అని అతను నెమ్మదిగా చెప్పాడు. మర్యాద తెలిసిన మనిషి.

అప్పుడు మంత్రిగారు గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టారు. ఈ ఇరవై అయిదు రోజుల్లో గట్టు మీద ఒక్క పౌరుడూ జారిపడలేదన్నారు. ఇంజనీరుగారు నా వైపు చూశారు. నేను ఎటో చూశాను. చివర్న ఒక శుభవార్త చెప్పారు. "కాలవ మీద నడక వంతెనకి మా ప్రభుత్వం మంజూరు ఇచ్చింది. అయితే ఈ రోజు కళ్ళారా చూశాను. అక్కడి పిల్లలందరూ ఈతగాళ్ళే! అవసరం లేని వంతెన ప్రజలకి భారం. అందుచేత దాన్ని రద్దు చేస్తూ, ఆ సామగ్రిని మరో మూడు పూళ్ళ గట్లకి కేటాయిస్తున్నాను."

ఆ వంతెన కోసం మేము ఆరేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. మంజూరైందని అప్పుడే తెలిసింది. రద్దయిందని కూడా అప్పుడే తెలిసింది. రెండు కబుర్లు ఒకే నోట విన్నాం, రెండుసార్లు తిరిగే పని తప్పింది.

కోచమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. చప్పట్లు కొట్టనిది ఆవిడ ఒక్కతే. నా చేతిలో చీపురు ఉంది.

కాలవకి ఒకటో తారీఖున నీళ్ళు వదులుతామన్నారు. చెప్పిన తారీఖునే, చెప్పిన వేళకే వదిలారు. ఆ శాఖ కూడా మంత్రిగారిదే.

పొద్దున్న బడి వేళకి నీళ్ళు గడ్డరుకి జానెడు కిందకి వచ్చాయి. బడిలో చూపించాలని బుడ్డి సర్టిఫికెట్ పట్టుకుంది. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టమంది. పెట్టాను. దాని రెండో చెయ్యి పట్టుకుని నేను ముందు గడ్డరు ఎక్కాను.

నాకు ఈత రాదు. సర్టిఫికెట్ కూడా లేదు.