ఐదుగురు తీర్మానించిన మోకాలు

మా ఊరి ఫుట్‌బాల్ జట్టు మూడో డివిజన్‌లో ఆడుతుంది. నాలుగోది లేదు కాబట్టే మూడోదాంట్లో ఉందని గిట్టనివాళ్ళు అంటారు. అలాంటి జట్టు తరఫున పదకొండు మ్యాచ్‌ల పాటు గోల్స్ కొట్టే బాధ్యత నిర్వహించిన ఒక యువకుడి వృత్తి జీవితాన్ని భావితరాల కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అతనికి ఇరవై రెండేళ్ళు. అంతకుముందు గోడౌన్‌లో పెట్టెలు మోసేవాడు. మనిషి బక్కపలచన, పరుగు తారాజువ్వ. మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టేసరికి 'పిడుగు' అని పేరు పెట్టాం. అసలు పేరు ఎవరూ అడగలేదు. నెత్తిన పెట్టుకున్నవాడి పేరుతో మనకేం పని?

వాళ్ళ అక్క పెద్దాసుపత్రిలో నర్సు. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి పెంచింది ఆమే. గ్యాలరీలో మా పక్కనే కూర్చునేది. తమ్ముడు గోల్ కొట్టినప్పుడు కాదు, కిందపడి మళ్ళీ లేచినప్పుడు చప్పట్లు కొట్టేది. పాపం, ఆట తెలియదని నవ్వుకున్నాం.

తొమ్మిదో మ్యాచ్‌లో అవతలి ఆటగాడొకడు అతని మోకాలి మీద పడ్డాడు. తెల్లారేసరికి అది బొప్పాయిపండంత అయింది. క్లబ్బు వైద్యులవారు పరీక్షించారు. వారు చదివింది పళ్ళ వైద్యం. ఛైర్మన్‌గారి బావమరిది కావడం వల్ల మిగతా శరీరం మీద కూడా అధికారం సంక్రమించింది. చిగుళ్ళు చూసినంత శ్రద్ధగా మోకాలు చూసి, "ఏం లేదు, కాస్త వాపు" అన్నారు.

అక్క డ్యూటీ బట్టలతోనే క్లబ్బు ఆఫీసుకు వచ్చింది.

"సార్, లోపల లిగమెంట్ తెగినట్టుంది. స్కాన్ తీయించండి. ఇలా ఆడిస్తే జన్మంతా కుంటుతాడు."

"అమ్మా, నువ్వు నర్సువి. ఆయన డాక్టరు," అన్నాడు ఛైర్మన్.

"పళ్ళకి!"

"శాస్త్రం ఎక్కడైనా శాస్త్రమేనమ్మా."

దరిమిలా కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. సదరు మోకాలు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నదని ఐదుగురు సభ్యులూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మోకాలి యజమానిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఇంక నాలుగు మ్యాచ్‌లేగా అక్కా," అన్నాడతను. "ఇప్పుడు దిగకపోతే కాంట్రాక్టు పొడిగించరు. మళ్ళీ ఆ పెట్టెలు మొయ్యలేను."

అక్క సంచీలోంచి పట్టీ తీసింది. కట్టు తనే కట్టింది.

పదో మ్యాచ్‌కి సూదిమందు పొడిచి దింపారు. ఈడ్చుకుంటూ ఆడాడు. గోల్ పడలేదు. గ్యాలరీ అంతా ఏకమై 'పిడుగు'ని 'తుస్సు'గా మార్చింది. చెప్పుకోకూడదు గానీ, ఆ నామకరణం నాదే.

పదకొండో మ్యాచ్ చివర్లో బంతి అతనికి ఒంటరిగా దొరికింది. కాలెత్తి తన్నాడు. బంతి గోల్‌లోకి, అతను గడ్డి మీదికి. మేం రెండు నిమిషాలు ఎగిరి గంతులేశాం. అతను లేవడం లేదని ముందుగా చూసింది అక్కే. కంచె దూకి పరిగెత్తింది. అనుమతి లేకుండా మైదానంలోకి ప్రవేశించినందుకు ఆమెను ఏడాదిపాటు నిషేధించారు.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. "మనిషికి కాళ్ళు రెండు. జట్టు ఒక్కటే! ఈ సత్యం గ్రహించిన త్యాగమూర్తి మన పిడుగు!" అని ఛైర్మన్ కళ్ళొత్తుకున్నాడు. వేదిక మెట్లు ఎక్కలేక త్యాగమూర్తి కింద నుంచే చెయ్యి ఊపాడు. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాం. మరుసటి వారం కొత్త కుర్రాడొచ్చాడు. అతని మోకాళ్ళు రెండూ బాగున్నాయని పళ్ళ డాక్టరుగారు ధ్రువీకరించారు.

మొన్న ఆఫీసు మెట్ల మీద జారి నా చీలమండ బెణికింది. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. మూడు వారాలు సెలవు పెట్టి, కాలు రెండు దిళ్ళ మీదికెక్కించి, ఫోన్‌లో నొప్పిమందు తెప్పించుకున్నాను. మా లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఆ మందు పట్టుకుని మూడంతస్తులెక్కి తలుపు తట్టింది మన పిడుగే. నన్ను గుర్తుపట్టలేదు. నా కట్టు చూసి ఆగాడు.

"తగ్గిందనిపించినా తొందరపడి కాలు ఆనించకండి సార్. ఎవరు చెప్పినా వినకండి."

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్ళాడు. నా మనసు కరిగి నీరైంది. ఇంతలో డెలివరీ ఎలా జరిగిందో చెప్పమని ఫోన్ అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పడం నా నైజం. ఐదు స్టార్లకు రెండు ఇచ్చి, 'మనిషి బాగా నెమ్మది' అని రాశాను.