రిహార్సల్‌కి కూర్చున్న మరిది

ఆ ఉదయం మేనేజరమ్మ అద్దం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడింది. నిలబడదూ మరి! కుర్చీలు తయారుచేసే ఆ కంపెనీలో, మిగతా శాఖలవాళ్ళెవరూ ముట్టుకోని ఏఐ సహాయకుణ్ణి తన ఆఫీసులో అందరిచేతా వాడిస్తానని డైరెక్టర్ గారికి మాటిచ్చింది. సాయంత్రం ఆయనే స్వయంగా వచ్చి చూస్తారు. సిబ్బంది సిద్ధంగా కనిపిస్తే శాఖ పగ్గాలు పూర్తిగా ఆవిడవే. లేదంటే పాత సీట్లోకి వెనక్కి.

చిక్కల్లా ఒకటే. ఆ సహాయకుడు ఈ శాఖకు ఇంకా రాలేదు. ఈలోగా జనానికి బెరుకు పోవాలి. అందుకని, ఉద్యోగం లేక ఇంట్లో కబుర్లతో కాలక్షేపం చేసే మరిదిని తీసుకెళ్ళి స్టోర్‌రూమ్‌లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. హాల్లో కంప్యూటర్‌లో ఎవరేం టైపు చేసినా యంత్రంలా జవాబివ్వడం అతని పని.

"యంత్రానికి కోపం రాదు, విసుగు రాదు. ఎవరేమడిగినా మర్యాదగా సాయం చెయ్యాలి. తెలిసిందా?"

"నాకొదిలెయ్ వదినా. నీ పరువు నా చేతుల్లో ఉంది."

"అదేనయ్యా నా భయం!"

హాల్లోకొచ్చి గొంతు సవరించుకుంది. "ఏఐ వచ్చేసింది. సెలవులైనా సమస్యలైనా ఇక నన్నడక్కండి, దాన్నే అడగండి" అని దర్జాగా చెప్పి, సాయంత్రం ఉపన్యాసం బట్టీపట్టడానికి గదిలో దూరింది.

ముందు టైపిస్టు ధైర్యం చేసి, తల పగిలిపోతోందని రాసింది. "అయ్యో! ఆ తలనొప్పితో ఎందుకొచ్చారండీ? ఇంటికెళ్ళి పడుకోండి" అని క్షణంలో జవాబు. అకౌంటెంటు తన భార్య పుట్టింటి నుంచి వస్తోందని రాశాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారా? స్టేషన్‌కి పరుగెత్తండి!" ఈ సంగతి గుప్పుమంది. డ్రైవరుకి నడుంనొప్పి గుర్తొచ్చింది. వాచ్‌మన్ అయితే ఊరికే బోరుకొడుతోందన్నాడు. అతనికీ సెలవు దొరికింది.

ఉపన్యాసం నోటికొచ్చాక మేనేజరమ్మ బయటికొస్తే, హాల్లో ఫ్యాన్లు తప్ప ఎవరూ లేరు. స్టోర్‌రూమ్‌కి పరుగెత్తింది.

"కొంప ముంచావు కదయ్యా!"

"నువ్వేగా వదినా సాయం చెయ్యమన్నావు!"

అంతలో తెర మీద కొత్త ప్రశ్న మెరిసింది. "ఇక్కడ మనుషులెవరూ లేరేం?" ఆవిడ చెయ్యి పట్టుకునేలోపే మరిది టకటకా కొట్టేశాడు. "అందరికీ ఒంట్లో బాగాలేదండి. మీరెక్కడినుంచో వచ్చినట్టున్నారు. ముందు కూర్చుని మంచినీళ్ళు తాగండి."

హాల్లోంచి పెద్ద నవ్వు వినిపించింది. ముందే వచ్చేసి, హాల్లో కంప్యూటర్ మీద పొద్దుటి సంభాషణంతా చదువుతున్న డైరెక్టర్ గారిది! ఆవిడ హాల్లోకి పరుగున వచ్చింది.

"మిగతా శాఖల్లో యంత్రంతో ఒక్కడూ నోరు విప్పడు. ఇక్కడ ఒక్కపూటలో కష్టసుఖాలన్నీ చెప్పేసుకున్నారే! మన యంత్రం ఇక్కడికింకా రానేలేదు కదా, ఏ కంపెనీదమ్మా ఇది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పెళ్ళై ఈ ఇంటికొచ్చాక మొదటిసారి మరిదిని చూసి ఆవిడకి గర్వం పొంగుకొచ్చింది.

"కంపెనీది కాదండీ. మా మరిది!"

డైరెక్టర్ గారు స్టోర్‌రూమ్‌లోకి తొంగిచూశారు. మరిది లేచి నమస్కారం పెట్టాడు.

"ఇతన్ని రేపట్నించి పనిలోకి రమ్మనండి. యంత్రం సంగతి తర్వాత చూద్దాం. శాఖ మీదేనమ్మా. సెలవులు మాత్రం మీరే ఇవ్వండి."

మనుషుల ఉద్యోగాలు యంత్రాలు లాక్కుపోతాయని లోకమంతా బెంగపడుతుంటే, ఆ ఆఫీసులో ఓ యంత్రం మాత్రం చేరకముందే ఉద్యోగం పోగొట్టుకుంది.